మల్లుని ఋణము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మల్లుడు గెలిచిన దినమున పూలదండలకు కొదువ యుండదు. వాని మోకాళ్లు సడలిన దినమున యోగక్షేమము లరయువా రెవరు? ఈ ప్రశ్ననే నేడు మీ యెదుట నుంచుచున్నాము.

మహారాష్ట్రమున కరాడ్ సమీపమందలి గోళేశ్వర గ్రామమున 1926లో జన్మించిన ఖాశాబా జాదవ్ గారి చరిత్రమును చూడుడు. 1952లో హెల్సింకీ ఒలింపిక్సునకు పోవుటకు ధనము చాలకపోగా, ఆయన చదివిన కొల్హాపూరు రాజారాం కళాశాల ప్రిన్సిపాలుగారు తమ యిల్లు తాకట్టుపెట్టి 7,000 రూపాయ లిచ్చిరి. జాదవ్ గారు కుస్తీలో కాంస్యపతకము గెలిచిరి. స్వతంత్ర భారతమునకు వ్యక్తిగతముగా లభించిన మొదటి ఒలింపిక్ పతక మదియే. 100కు మించిన ఎడ్లబండ్లతో ప్రజలు వారి నూరేగించిరి. ఆయన మరల గోదాలో దిగి, కుస్తీలు పట్టి, గురువుగారి ఋణము తీర్చిరి.

మరి ఆయనకు మన మీయవలసిన ఋణ మేమైనది? 1955లో పోలీసు కొలువున చేరిన యా వీరుడు వృద్ధాప్యమున పింఛనుకై పెనుగులాడవలసి వచ్చెను. 1984లో రోడ్డు ప్రమాదమున కన్నుమూసిరి. అర్జున పురస్కారము మరణానంతరమే, 2000 సంవత్సరమునకు గాను లభించెను.

సోదరులారా! బలముడిగిన క్రీడాకారుడు యాచకుడు కాడు, మనకు ఋణదాత. మన గ్రామములలో నట్టివారెందరో మూలల గూర్చుండియున్నారు. వారి వివరములు సేకరించి, సంఘనిధినుండి నెలనెల కొంత సాయము నిర్ణయింపుడని పోషకులను ప్రార్థించుచున్నాము. దండ వాడిపోవును, మందునకిచ్చిన రూపాయి ప్రాణము నిలుపును.