నడిచి అడిగిన దానం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మీడియం పంతుళ్ళం. తెలుగులో ఉపన్యాసమంటే మాకు కొంచెం జంకే. కాని మన సంఘానికి చందా ఇచ్చినవారిలో ఉర్దూ రానివారు కూడా ఉన్నారు. వారికీ అర్థం కావాలి కదా అని కార్యవర్గంవారు తెలుగులోనే మాట్లాడమన్నారు. మాటల్లో తప్పులుంటే పెద్దమనసుతో సర్దుకోండి. విషయం మాత్రం మంచిదే తెచ్చినాము. దానంకోసం దేశమంతా కాలినడకన తిరగటం అనేది మన విషయం.

బయటి దేశాల్లో ఇట్లాంటి నడకలు చాలా జరిగినవి. క్రికెట్ చూసే మన పిల్లలకు ఇయాన్ బోథం పేరు తెలిసే ఉంటుంది. ఆ ఆటగాడు 1985లో బ్రిటను ఉత్తరపు కొసనుంచి దక్షిణపు కొసదాకా నడిచి, రక్తపు కేన్సరు పరిశోధనకు చందాలు పోగుచేసినాడు. కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే యువకునికి కేన్సరువల్ల ఒక కాలు తీసేసినారు. 1980లో ఆయన కట్టెకాలు వంటి కృత్రిమపు కాలుతో 143 రోజులు పరుగు తీసి 5,373 కిలోమీటర్లు పోయినాడు. జబ్బు తిరగబెట్టి మధ్యలోనే ఆగిపోయినాడు, మరుసటి సంవత్సరం చనిపోయినాడు. కాని ఆయన పేరున చందాలు ఇవాళ్టికీ వస్తూనే ఉన్నవి. ఇవన్నీ గొప్ప సంగతులే, కాదనం.

అయితే వీటికంటే ముందు, వీటికంటే ఎంతో పొడుగైన నడక మన తెలంగాణ గడ్డమీదనే మొదలయింది. దాన్ని నడిచినవారు ఆచార్య వినోబా భావే. ఆయన అడిగింది రూపాయలు కాదు, భూమి.

1951 మార్చిలో ఆయన వార్ధా దగ్గరి సేవాగ్రాం నుంచి బయలుదేరి హైదరాబాదు పక్కనున్న శివరాంపల్లికి సర్వోదయ సమ్మేళనానికి వచ్చినారు. రైలు ఉన్నది, టిక్కెట్టు కొనిచ్చేవారూ ఉన్నారు. అయినా నడిచే వచ్చినారు. అప్పటికి వయస్సు యాభై అయిదు. పైగా కడుపులో పుండు జబ్బు. ఆ రోజుల్లో తెలంగాణ ఎట్లా ఉండేదో మన ఇంటి పెద్దలు చెప్పగా విన్నాము. ఒకపక్క దొరలు, ఒకపక్క సాయుధ పోరాటం, ఇంకోపక్క పోలీసులు, మిలిటరీ. పగలు ఒకరికి భయం, రాత్రి ఒకరికి భయం. సమ్మేళనం ముగిసినాక వినోబా హైదరాబాదు జైలుకు పోయి అక్కడి కమ్యూనిస్టు ఖైదీలను కలిసి, వారి మాటలు విని, తరువాత పల్లెలదారి పట్టినారు.

ఏప్రిల్ 18న పోచంపల్లి చేరినారు. అప్పుడది నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. హరిజనవాడకు పోయి మీకేం కావాలని అడిగినారు. నలభై కుటుంబాల వారు కూడి, ఎనభై ఎకరాలు ఉంటే చాలు, నలభై తరి, నలభై ఖుష్కి, దున్నుకొని బతుకుతాము అన్నారు. ఎంత పద్ధతిగా అడిగినారో చూడండి. ఇంటికి రెండెకరాలు, అంతకు మించి అడగలేదు. సర్కారుకు అర్జీ పెట్టే మాట వచ్చింది. అర్జీ సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఈ ఊళ్ళోనే ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా సభలో అడిగినారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరు ఎకరాలు ఇస్తానన్నారు. అడిగింది ఎనభై, ఇచ్చింది నూరు. భూదానం అక్కడ పుట్టింది. ఆ ఊరిని ఇప్పటికీ భూదాన్ పోచంపల్లి అనే పిలుస్తున్నాము.

ఆ తరువాత 51 రోజులు ఆయన తెలంగాణ పల్లెల్లో తిరిగి పన్నెండు వేల ఎకరాలకు పైగా సంపాదించినారు. అంటే సగటున రోజుకు రెండువందల ఎకరాలు దాటింది. ఇక ఆగలేదు. ఆ సెప్టెంబరులో మళ్ళీ బయలుదేరి ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, బీహారు, బెంగాలు, ఒరిస్సా, ఆంధ్ర, తమిళనాడు తిరిగి 1957 నాటికి కన్యాకుమారి చూసినారు. 1959లో కాశ్మీరు కొండలెక్కినారు. మొత్తం పదమూడేండ్ల నడక. 1964లోగాని తన ఆశ్రమానికి తిరిగి చేరలేదు.

ఇందులో మన సభకు ప్రత్యేకంగా చెప్పదగినవి రెండున్నవి. ఒకటి, వినోబా అరబ్బీ నేర్చుకొని ఖురాన్ షరీఫ్‌ను మూలంలోనే చదివినవారు. అందులోని ఆయతులను విషయాలవారీగా ఏరి కూర్చి ఒక గ్రంథం తయారుచేసినారు. 1948లో మేవాత్‌లో చెదిరిపోయిన మేవ్ ముస్లిములను తిరిగి వారి ఊళ్ళలో నిలబెట్టే పనిలో ఉన్నది కూడా ఆయనే. రెండోది, 1962 సెప్టెంబరులో ఆయన అస్సాం నుంచి బెంగాలుకు పోతూ తూర్పు పాకిస్తాన్ గుండా, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ గుండా, నడిచినారు. రెండు దేశాల మధ్య మాటలే సరిగా లేని కాలం. అయినా అక్కడి రైతులు కూడా భూమి ఇచ్చినారు. అడిగేవాని నియ్యత్ మంచిదైతే సరిహద్దు అడ్డురాదని దానివల్ల తెలుస్తున్నది.

ఇప్పుడొక ప్రశ్న. నడవటం ఎందుకు? మోటారులో పోతే పది ఊళ్ళు చూడవచ్చును, పత్రికలో రాస్తే లక్షమంది చదువుతారు. మేము ఆలోచించగా తోచింది ఇది. నడిచేవాడు తెల్లవారుజామున లాంతరు పట్టుకొని బయలుదేరుతాడు, ఎండ ముదిరేలోగా పక్క ఊరు చేరుతాడు. ఆ పూట ఆ ఊరి తిండి, ఆ ఊరి నీళ్ళు, రాత్రి అక్కడే పడక. ఇచ్చేవానిని, లేనివానిని ఒకే చెట్టుకింద కూర్చోబెట్టగలుగుతాడు. కారు దిగి వచ్చినవానికి "రేపు రండి" అని చెప్పి పంపించవచ్చును. పది మైళ్ళు నడిచి కాళ్ళకు దుమ్ముతో వచ్చి అరుగుమీద కూర్చున్న ముసలాయనతో ఆ మాట అనటానికి నోరు రాదు.

ఇంకొక సంగతి. ఆయన ఖైరాత్ అడగలేదు, హక్కు అడిగినారు. మీకు అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవానిగా లెక్కపెట్టుకొని నా భాగం నాకివ్వండి అనేవారు. ఆ లెక్కనే దేశంలోని సాగుభూమిలో ఆరోవంతు, అయిదు కోట్ల ఎకరాలు, సంపాదించాలని సంకల్పం చెప్పుకున్నారు. మనిషి సంపదలో అడిగేవానికీ, అడగలేక ఊరుకునేవానికీ పాలు ఉన్నదనే మాట మనకు కొత్తది కాదు. జకాత్ ఇచ్చే ప్రతివానికీ తెలిసినదే. పాలు అనుకొని ఇస్తే ఇచ్చేవానికి గర్వం ఉండదు, పుచ్చుకునేవానికి చిన్నతనం ఉండదు.

సోదరులారా, ఇంతవరకు చెప్పినది మీరు పాఠ్యపుస్తకాల్లో కూడా చదివి ఉంటారు. అసలు చెప్పవలసింది ఇకమీదనే ఉన్నది.

అయిదు కోట్ల ఎకరాలు అనుకున్నారు, దేశం మొత్తంమీద నలభై లక్షల ఎకరాలకు పైగా వచ్చినది. అది కూడా చిన్నది కాదు. కత్తి లేకుండా, కోర్టు లేకుండా అంత భూమి చేయి మారుతానని మాట ఇవ్వటం ప్రపంచంలో ఎక్కడ జరిగింది? కాని మాట ఇచ్చిన భూమి వేరు, పేదవాని నాగలికింద పడిన భూమి వేరు. 1970 దాటినాక చూస్తే పంపిణీ అయినది సగానికంటే చాలా తక్కువ. కారణాలు వెతకటానికి పెద్ద చదువు అక్కరలేదు. కొందరు రాళ్ళగుట్టలు రాసిచ్చినారు. కొందరు తగాదాలో ఉన్న భూమి రాసిచ్చినారు. కొందరు సభలో చప్పట్లమధ్య ఇచ్చి ఇంటికి పోయినాక మనసు మార్చుకున్నారు. కొందరు మంచి మనసుతోనే ఇచ్చినారు గాని, వారు పోయినాక వారసులు అడ్డం తిరిగినారు.

దానమిచ్చిన ఆవుకు పళ్ళెంచరాదు అంటారు. పుచ్చుకునేవాని మర్యాదకోసం చెప్పిన మాట అది. మధ్యన నిలబడి ఇప్పించేవాడు మాత్రం పళ్ళు ఎంచే తీరాలి. ఎందుకంటే ఆ ఆవుతో బతకవలసినవాడు పేదవాడు.

దానపత్రం మీద సంతకం పడితే పని అయిపోదు. సర్వే నెంబరు సరిచూడాలి, హద్దులు కొలవాలి, తహసీలు కచేరిలో ఆక్షేపణలు విని ఖాయం చేయాలి, పహాణీలో పేరు మారాలి, పేదవాని చేతికి పట్టా రావాలి. ఆపైన ఎద్దులు, విత్తనాలు, బావి. వినోబా ఒక ఊళ్ళో ఒక్క రాత్రి ఉండి తెల్లవారి పక్క ఊరికి పోవలసినవారు. వెనక ఉండి ఈ పనులు చేయవలసినవారు చాలినంతమంది లేకపోయినారు. మన రాష్ట్రంలో భూదాన, గ్రామదాన చట్టమే 1965లో వచ్చింది. పోచంపల్లి సభ జరిగి అప్పటికి పద్నాలుగు సంవత్సరాలు!

అదే 1965లో వినోబా బీహారులో నడక వదలి మోటారు ఎక్కి, తూఫాన్ అనే పేరుతో తిరిగినారు. గ్రామదాన పత్రాలు తూఫానులాగానే వచ్చిపడినవి. చట్టప్రకారం నిలిచినవి మాత్రం బహు తక్కువ. వేగం పెరిగినకొద్దీ కాగితం పెరిగింది. హైదరాబాదు చుట్టుపక్కల భూదాన భూముల ధరలు కోట్లకు చేరినాక, అవి ఎవరివి, ఎవరికి పోయినవి అనే వ్యాజ్యాలు ఇటీవలి సంవత్సరాల్లో కూడా హైకోర్టుదాకా పోయినవి. వక్ఫ్ జాగాల గతి చూస్తున్న మనకు ఈ కథ వేరే చెప్పాలా? ఇచ్చిన పుణ్యాత్ముడు పైకి పోతాడు. రిజిస్టరు సరిగా లేకపోతే ఆయన ఇచ్చినది కూడా ఎటో పోతుంది.

కొందరు దీన్ని చూసి భూదానమంతా వట్టి మాట, భూసంస్కరణలను పక్కదారి పట్టించటానికే వచ్చింది అంటారు. ఆ విమర్శలో కొంత బలం ఉన్నది. అయినా మేము పూర్తిగా ఒప్పుకోము. సగంకంటే తక్కువే అందినా, అది లక్షల ఎకరాలు. పట్టా చేతికి వచ్చిన కుటుంబానికి ఆ రెండెకరాలు వట్టి మాట కాదు. నడకలో లోపం లేదు. నడక ఆగినచోట మొదలు కావలసిన పని సరిగా మొదలు కాలేదు, అంతే.

మనం నిజాంసాగర్ ఆయకట్టు మనుషులం. తూము ఎత్తగానే చివరి మడి తడవదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాలువ పూడిక తీయాలి, గండ్లు పూడ్చాలి, రాత్రి లాంతరు పట్టుకొని నీళ్ళ వెంట పోవాలి. అప్పుడుగాని చివరి రైతు మడికి నీళ్ళు రావు. చందా కూడా అంతే. సభలో పేరు చదివినప్పుడు తూము ఎత్తినట్టు. చివరి మడి ఎక్కడో ఉన్నది.

మా బడి సంగతే ఒకటి చెప్తాము. ఏడో తరగతి మంచి మార్కులతో పాసైన ఒక అమ్మాయికి పైచదువు ఖర్చు తాను పెట్టుకుంటానని ఒకాయన పదిమందిలో చెప్పినాడు. మంచివాడే, అబద్ధం ఆడలేదు. తరువాత పనిమీద దుబాయి పోయినాడు. ఫీజు గడువు వచ్చింది, గుర్తు చేసేవారు లేరు. ఆ పిల్ల ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టింది. మరుసటేడు ఇద్దరు పెద్దమనుషులు ఆయన ఇంటికి రెండుసార్లు నడిచిపోయి, ఆయన అన్నగారితో మాట్లాడి, ఫోను చేయించి, డబ్బు తెప్పించి కట్టినారు. పిల్ల మళ్ళీ బడికి వచ్చింది. ఒక సంవత్సరం మాత్రం పోయింది. ఎందుకు పోయిందంటే దాత చెడ్డవాడై కాదు, దాతకూ పిల్లకూ మధ్య నడిచేవాడు లేక.

అందుచేత సంఘం కార్యవర్గానికి మా మనవి మూడు మాటలు. చందా అడగటానికి పోయేవారు నడిచే పోవాలి, వీధివీధికీ, ఇంటింటికీ. రసీదు పుస్తకంతోపాటు, ఇస్తామన్నవారి పేరు, తేదీ, ఎవరికోసం అన్న సంగతి రాసే రిజిస్టరు ఒకటి వేరే ఉండాలి. ఇస్తామన్న మాటను కూడా అమానత్‌గానే లెక్క చూడాలి. ఇక మూడోది, వచ్చే సంవత్సరం ఇదే సభలో ఎంత వచ్చింది అని చదివేముందు, ఎంత అందింది, ఎవరికి అందింది అని చదవాలి. అందనిది ఉంటే అదీ చదవాలి, దాచరాదు.

యువకులారా, దేశం పొడుగునా నడవమని మిమ్మల్ని ఎవరూ అడగటంలేదు. బాన్సువాడ ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిస్తే చాలు. కాని ఒకసారి కాదు. మొదటిసారి అడగటానికి, రెండోసారి తేవటానికి, మూడోసారి ఇచ్చి రావటానికి. ఆ మూడోసారి నడిచేవారికి పూలమాలలు ఉండవు, ఫొటోలు ఉండవు. వారి పేర్లు ఈ సంచికలో అచ్చు కాకపోవచ్చును. అయినా ఆ పనికి మనుషులు కావాలి. సభ అయినాక కార్యదర్శిగారి దగ్గర పేర్లు ఇవ్వండి.