సారథ్యము – కృతజ్ఞత
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నాకు నియమింపబడిన విషయము కృతజ్ఞత. దీనిని, మనవారిలో కొందఱు దుర్వ్యయమని తలంచు నొక క్రొత్త వృత్తిమూలమున నిరూపింప నెంచితిని.

వేగముగ కారు నడుపగోరువారికి రాజమార్గము తగినచోటు కాదు. పందెములకై నిర్మించిన బాటను దినమున కద్దెకు గైకొని, రుసుముపై వారిచే నచట నడిపించు వ్యాపార మొకటి గలదు. మద్రాసున కుత్తరమున షోలవరమందు రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానపుబాటపై చిరకాలము పందెములు జరిగెను. పిదప 1990లో శ్రీపెరుంబుదూరుచెంత ఇరుంగాట్టుకోట్టైలో మూడున్నర కిలోమీటర్లకు మించిన ప్రత్యేకపథ మేర్పడెను. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదు హుస్సేనుసాగరతీరమున విద్యుత్కార్ల పందెమును జరిగినది.

రాజమహేంద్రవరమున నాయొద్ద చదివిన యొక యువకుడు స్వల్పమూలధనముతో నీ వ్యాపారమును జేయుచున్నాడు. వాన కురిసినను అద్దె యాగదు. ప్రాతఃకాలమున ప్రతికారు చక్రములను, బ్రేకులను పరీక్షింపవలెను. వైద్యవాహనము సిద్ధముగ నుండవలెను. మలుపుమలుపునను జెండా పట్టి యొకడు నిలువవలెను. పసుపుజెండా యెత్తిన నెవ్వరును ముందువానిని దాటరాదు. ఎఱ్ఱజెండా యెత్తిన నెల్లరును వేగము తగ్గించి విరమింపవలెను.

ఒకనాడొక కారు మలుపున గిఱ్ఱున దిరిగి బాట కడ్డముగ నిలిచెను. జెండాపట్టినవాడు తక్షణమే హెచ్చరించుటచే వెనుకవారు నిలిచిరి; ఎవ్వరికిని గాయము కాలేదు. సాయంకాలమున నందఱును తమ వేగమును పొగడుకొనుచు నిండ్లకేగిరి. ఆ కూలివాని పేరైన నడిగినవారు లేరు. నాటినుండి నా శిష్యుడు దినాంతమున జెండావారి నందఱియెదుట పేరుపేరున పిలిచి, ముందుగ వారి వేతనమిచ్చి, పిమ్మటనే తన లాభము లెక్కించుకొనుచున్నాడు. “వ్యాపారము పెరిగినదో లేదో గాని నేను పెరిగితిని మాస్టారూ” అని యాతడు నాతో ననెను.

భారతయుద్ధాంతమున శ్రీకృష్ణుడు ముందుగ నర్జునుని రథము దిగుమని, తాను పిదప దిగెను. వెంటనే రథము భస్మమయ్యెను. ద్రోణకర్ణుల యస్త్రములచే నది మునుపే దగ్ధమైనను, సారథి యధిష్ఠించి యుండుటచే నిలిచెనని శల్యపర్వమున గలదు. తన్ను నిలిపిన దెవరో విజయు డెఱుగుట విజయానంతరమే!

మన డెల్టాయందును నిట్లే. 1847లో నారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు టానకట్టకై కాటనుదొరను స్మరింతుము, అది యుచితమే. కాని ఱాళ్లు మోసిన కూలీల నెవరు స్మరింతురు? అర్ధరాత్రమున కాలువ తలుపు లెత్తు లస్కరు పే రెందఱ మెఱుగుదుము? వారన్నముపెట్టిన చేలే మన విద్యార్థి వసతిగృహములకు బియ్యమిచ్చినవి.

కావున కృతజ్ఞత కులము నడుగరాదు. కులసభలో నీమాట యనుట కొందఱికి రుచింపకపోవచ్చును. అయినను మన వసతిగృహమున నేటేట రెండు స్థానముల నితరకులముల కూలివారి బిడ్డలకై యుంచవలెనని ప్రతిపాదించుచున్నాను. మన పిల్లలకు స్థలము చాలదందురా? ఋణము తీర్చుట మిగులున్నప్పు డొనర్చు కార్యము కాదు. మిగులును లెక్కించుటకు ముం దొనర్పవలసినది. నా శిష్యుడు నాకు నేర్పిన పాఠ మిదియే.

మీ యామోదమును వేడుచు విరమించుచున్నాను.