ఇల్లు ఎవరి పేరున ఉన్నా

(మిల్లు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగం)



తెల్లవారకముందే మారికుప్పంలో బెంగుళూరు రైలెక్కి పనికి వచ్చేవాళ్ళం మనలో చాలామందిమి. ఈరోజు కూలిరేట్ల గురించి కాదు, ఇంట్లో పడే దెబ్బల గురించి మాట్లాడదలిచాము. అది సొంత గొడవ, యూనియనుకేం పని అంటున్నారు కొందరు సోదరులు. వాచిన చేత్తో మిషను ముందు కూర్చున్న చెల్లెలికి ప్రొడక్షను తగ్గితే సూపర్‌వైజరు తిడతాడు గదా, ఇక అది సొంత గొడవ ఎట్లా అవుతుంది?

ఈ చట్టాలు ఎవరో దయతలిచి ఇచ్చినవి కావు. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో రమీజాబీపై అత్యాచారం జరిగింది. ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్, పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఊరు భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమంది. అయినా కేసు మన రాష్ట్రంలోని రాయచూరుకు మారి, 1981లో అందరూ విడుదలయ్యారు. మహారాష్ట్ర మథుర కేసులోనూ సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. ఆ ఆగ్రహంలోంచే 1983 సవరణలు పుట్టాయి. పోలీసు కస్టడీలో సంభోగం రుజువైతే, 'నేను ఒప్పుకోలేదు' అన్న ఆమె మాటనే కోర్టు ముందుగా నమ్మాలి. 498ఎ కూడా ఆ ఏడాదిదే. 2024 జూలై నుంచి అది న్యాయ సంహితలో 85వ సెక్షను.

కాని మొగుడు జైలుకు పోతే బాడుగ ఎవరు కట్టాలి? ఆ భయంతోనే ఎందరో నోరు మూసుకున్నారు. కేజీఎఫ్ లైన్లలో క్వార్టరు గనిలో పనిచేసే మగవాడి పేరునే ఉండేది. 'నా ఇంట్లోంచి పో' అంటే పోవలసిందే. 2001లో గనులు మూతపడ్డాక మనమే సంపాదిస్తున్నా ఆ మాట మాత్రం పోలేదు.

2006 అక్టోబరులో అమలుకొచ్చిన గృహహింస చట్టం ఆ మాటకు అడ్డుపడింది. ఇల్లు ఎవరి పేరునున్నా, బాడుగదైనా, చట్టప్రకారం తప్ప ఆమెను గెంటేయరాదు. భార్యే కానక్కరలేదు, తల్లీ చెల్లెలూ అడగవచ్చు. కొట్టవద్దని, ఖర్చులివ్వమని మేజిస్ట్రేటు ఆర్డరు వేస్తాడు. ఇవ్వకపోతే జీతంలోంచి నేరుగా ఆమెకే కట్టమని యజమానికి చెప్పవచ్చు. సోదరులారా, నవ్వకండి, 20వ సెక్షనులోనే ఉంది!

లోటు లేదనము. భార్యకు పద్దెనిమిదేళ్ళు దాటితే భర్త బలాత్కారం నేటికీ అత్యాచారం కింద రాదు. గృహహింస చట్టం కిందనైతే అడగవచ్చు.

లాయరు ఫీజుకు భయపడవద్దు. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం ఉంది. వాయిదా రోజున పోయే కూలి సంగతే మిగిలింది. ఆ రోజుకు జీతంతో సెలవు కావాలని ఈసారి డిమాండ్లలో రాశాము.