ఈ నీళ్లు ఎటు పోతాయి?



స్నాతకోత్సవంలో విజయం గురించి మాట్లాడటం ఆనవాయితీ. నాకు తెలిసింది భూగోళం. అందుకని మన దేశపు కొండల గురించీ నదుల గురించీ చెబుతాను. రాజమహేంద్రవరంలో మైకు ముందు నిలబడి గోదావరిని తలవకపోతే మీరెలాగూ ఊరుకోరు. అయితే ఏటికన్నా ముందు రాయి సంగతి.

ఊరికి ఆనుకుని ఉన్న కాతేరులోనూ, ఏటికి అవతల పంగిడి దగ్గరా నల్లరాతి క్వారీలున్నాయి. ఆ రాయి పుట్టిల్లు ఇక్కడ కాదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమాన నేల చీలి లావా పొంగింది. దక్కను పీఠభూమిలో ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్నది ఆ లావాయే. అందులో కొంత పాత నదీ లోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి, అప్పటి సముద్రపు ఒడ్డున, ఇదిగో ఇక్కడ చల్లబడిందని పరిశోధకులు చెబుతారు. ఆ పొరల నడుమ దొరికే సున్నపురాయిలో ఉప్పునీటి గుల్లల శిలాజాలు కనిపిస్తాయి. నిప్పుకైనా నీటికైనా ఈ దక్కనులో దారి తూర్పుకే.

గోదావరి సంగతీ అంతే. త్ర్యంబకం దగ్గర అది పుట్టేచోటికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరం. ఆ దగ్గరి సముద్రానికి వీపు తిప్పి 1,465 కిలోమీటర్లు నడిచి, పాపికొండలను కోసుకుని బంగాళాఖాతానికి వస్తుంది. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణదీ అదే వరస. సహ్యాద్రి అంచు ఎత్తు, ఇటువైపు పల్లం. నర్మద, తపతి మాత్రం భూమి కుంగిన పగుళ్లలో పడి పడమటికి పోతాయి. మన ధాన్యం, మన ఇళ్ల బావులు, మన వరదలు అన్నీ ఈ వాలు పెట్టిన భిక్షే.

ఉత్తరాన కథ వేరు. హిమాలయం కుర్రకొండ. భారత భూఖండం ఆసియాను ఢీకొనడం మొదలై దాదాపు 5 కోట్ల ఏళ్లు. హైదరాబాదులో బస్సు కోసం మనం ఆనుకుని నిలబడే గ్రానైట్ బండ వయసు సుమారు 250 కోట్లు! సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్రలు కూడా హిమాలయం కన్నా వయసులో పెద్దవే. కొండ లేస్తూ ఉంటే అవి కోస్తూ పోయాయి. అందుకే అంత లోతు లోయలు.

వాటిలో బ్రహ్మపుత్ర చాలాకాలం పెద్ద చిక్కుప్రశ్న. టిబెట్‌లో త్సాంగ్‌పో అనే నది తూర్పుగా పారి, నామ్చా బార్వా పర్వతం దగ్గర లోయలోకి దూరి కనిపించకుండా పోయేది. అసోంలో ఒక మహానది కొండల్లోంచి బయటపడేది. రెండూ ఒకటేనా, లేక త్సాంగ్‌పో బర్మాలో ఇరావతి అవుతోందా? తెల్లదొరలకు టిబెట్‌లో అడుగు పెట్టే వీల్లేదు. 1880లో సర్వే శాఖ కింథప్ అనే సిక్కిం మనిషిని, ఒక లామాకు సేవకుడి వేషంలో తోడిచ్చి పంపింది. కింథప్ దర్జీ పని చేసేవాడు, చదువు రాదు. నది కనిపించకుండా పోయేలోపు గుర్తులు పెట్టిన దుంగలు వదలాలి, కింద అసోంలో కాపలా మనుషులు చూడాలి. అదీ పథకం.

ఆ లామా అతణ్ణి బానిసగా అమ్మేసి తన దారిన పోయాడు. కింథప్ తప్పించుకుని ఒక బౌద్ధ మఠంలో తలదాచుకున్నాడు. తీర్థయాత్ర వంకతో సెలవు అడుక్కుని వెళ్లి 500 దుంగలు కొట్టి దాచిపెట్టాడు. ఫలానా రోజుల్లో రోజుకు యాభై చొప్పున వదులుతానని ఒకరి చేత ఉత్తరం రాయించి పంపాడు. అన్నట్టే వదిలాడు. కానీ ఆ ఉత్తరం అందుకోవలసిన సర్వే శాఖ అధికారి కెప్టెన్ హర్మన్ అప్పటికే దేశం విడిచి వెళ్లిపోయాడు. దుంగలు చూసేవాళ్లు లేక సముద్రంలో కలిసిపోయాయి. 1884లో తిరిగొచ్చి అతను చెప్పింది కొందరు నమ్మలేదు. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అనే ఇద్దరు అధికారులు ఆ లోయలో తిరిగి, అతను చాలావరకు నిజమే చెప్పాడని తేల్చారు. తర్వాత అతనికి వెయ్యి రూపాయల బహుమానం ఇచ్చారు. ఇన్ని పట్టాలున్న సభలో సంతకం రాని మనిషి కథ ఎందుకంటారా? మన పటంలో ఆ నీలిగీత ఎటు తిరుగుతుందో చెప్పినవాడు అతనే మరి.

నది ఎటు తిరుగుతుందో కాదు, బడిలో మనం బట్టీపట్టినవన్నీ ఎత్తులే. కాంచన్‌జంగా 8,586 మీటర్లు అని నిద్రలో అడిగినా చెబుతాం. ఇక్కడికి దగ్గర్లోనే ఐదడుగుల ఎత్తు మీద ఏళ్లుగా గొడవ నడుస్తోంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరు లంకల్లో ఎవరినైనా కదపండి, ఐదో కాంటూరు, మూడో కాంటూరు అని గడగడా చెబుతారు. ఐదో కాంటూరు అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత. దాని లోపలిదంతా 1999లో అభయారణ్యమైంది. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. పొట్ట కొట్టారని జనం, సరస్సు దక్కాలని పర్యావరణవాదులు. నా లెక్కలో ఇద్దరి మాటలోనూ న్యాయముంది. నీళ్లు మాత్రం ఆ వాదన పూర్తయ్యేదాకా ఆగలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది. మేడల మీద నిలబడి పాలప్యాకెట్ల కోసం చేతులు చాచినవాళ్లలో మీ బంధువులూ ఉండి ఉంటారు. ఆ ఏరు పోవలసింది కొల్లేరుకు. అక్కణ్ణుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. ఆ దారి పొడుగునా ఇళ్లున్నాయి, చెరువులున్నాయి, రోడ్లున్నాయి. ప్రతిదానికీ ఎక్కడో ఒక కాగితం, దాని మీద ఒక సంతకం ఉన్నాయి. సర్వే నంబరు రాసిన ఆ కాగితాల్లో వాలు ఎటుందో రాసినవి ఎన్నో నాకు అనుమానమే.

మీలో ఇంజనీర్లున్నారు, లాయర్లున్నారు, రేపు గ్రూప్స్ రాసి తహసీల్దార్లయ్యేవాళ్లూ ఉన్నారు. బుడమేరు ఫైలు ఇంకా తేలలేదు. అది కొన్నాళ్లకు మీలో ఎవరో ఒకరి బల్ల మీదకు వస్తుంది.