దుబాయ్‌లో ఫ్లాటు, ఊర్లో ట్యాక్సు

నేను దుబాయ్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐ చేసి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. పోయినేడు ఒక ఏజెంటు, "స్టూడియో ఫ్లాటు తీసుకో అన్నా, ఇక్కడ ట్యాక్సే లేదు" అన్నడు. నా దగ్గరున్నది బిడ్డ పెండ్లికి దాచిన పైసలు. అందుకే ముందు లెక్క చూసిన.

ఆయన చెప్పింది సగం నిజం. కిరాయి మీద, అమ్మితే వచ్చే లాభం మీద మనలాంటి వాళ్లకు ఇక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. కానీ రిజిస్ట్రేషన్‌కు ల్యాండ్ డిపార్ట్‌మెంటు ఫీజు 4 శాతం. 5 లక్షల దిర్హమ్‌ల ఫ్లాటుకు 20 వేలు. పైన ఏటా సర్వీస్ ఛార్జీలు, ఫ్లాటు ఖాళీగా ఉన్నా కట్టాలె.

మిగతా సగం ఇంటికి పోయినంక మొదలైతది. చాలా ఏళ్లు ఇక్కడుండి పోయినోళ్లకు మామూలుగా మొదట రెండేళ్ల దాకా వెసులుబాటు ఉంటది. తర్వాత దుబాయ్ కిరాయికి, అమ్మిన లాభానికి ఇండియాలో ట్యాక్స్ కట్టాలె. ఎన్నారైగా కొన్న ఇల్లు ఉంచుకోవడం తప్పు కాదు. రిటర్న్‌లో విదేశీ ఆస్తుల కింద చూపకపోతేనే తప్పు. 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు.

నేనైతే కొనలే. పెండ్లి అయినంక చూస్త. మీరు కొంటే అగ్రిమెంటు, ఫీజు రసీదులు, బ్యాంకు కాగితాలు భద్రంగా పెట్టుకోండి. అమ్మేనాడు లాభమెంతో తేల్చేది అవే. టికెట్ తీసేముందే సీఏను అడగండి. ఉంటా మరి.