ఐదు చీటీలు, ఒక్క ఒళ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనకు అక్షరాలు దిద్దించిన సార్లు, టీచరమ్మలు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు. మన బడి తొలి బ్యాచ్‌లవాళ్లకూ అరవై దాటాయి. అందుకే డాక్టరుగా వృద్ధుల వైద్యం గురించి నాలుగు మాటలు చెబుతాను.

తుర్కయంజాల్‌లో బస్సెక్కి సాగర్ రోడ్డు మీదుగా ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్తే దారి పొడవునా ఆసుపత్రి బోర్డులే. షుగరుకు ఒకరు, బీపీకి ఒకరు, మోకాళ్లకు ఒకరు, ప్రోస్టేటుకు ఒకరు, నిద్రకు మరొకరు. ఎవరి పని వాళ్లు చక్కగానే చేస్తారు. కానీ ఐదు చీటీలూ చేరేది ఒక్క ఒంట్లోకే. బీపీ మాత్రకు కొన్ని రకాల ప్రోస్టేటు మాత్రలు తోడైతే లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. పైన నిద్రమాత్ర మత్తు. రాత్రి బాత్రూముకు లేచిన పెద్దాయన కళ్లు తిరిగి పడతాడు, తుంటి ఎముక విరుగుతుంది. విడివిడిగా చూస్తే ఏ చీటీలోనూ తప్పు దొరకదు.

ఆ చీటీలన్నీ కలిపి చదివే విద్యే జీరియాట్రిక్స్. మన దేశంలో దానికి దారి వేసినవారు మద్రాసులో డాక్టర్ వి.ఎస్. నటరాజన్. మద్రాసు మెడికల్ కాలేజీలో 1996లో ఎం.డి. కోర్సు మొదలైంది. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవారు 10 కోట్ల పైచిలుకు. ఆ కోర్సు చదివి బయటికొచ్చే కొద్దిమంది ఏ మూలకు సరిపోతారు?

కాబట్టి మిగతా విభాగాలు చేతులు కలపాలి. అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు, ఫ్యామిలీ మెడిసిన్ బోర్డు పోటీ పడకుండా 1988లో ఉమ్మడిగా ఒకే పరీక్ష పెట్టి వృద్ధవైద్య అర్హత ఇవ్వడం మొదలుపెట్టాయి. "మా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది పెద్దవాళ్లే, మళ్లీ వేరే చదువెందుకు?" అని మన ఫిజీషియన్లు అడగవచ్చు. రోజూ చూడటం వేరు, నేర్చుకుని చూడటం వేరు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే పెద్దవాళ్లకు జ్వరం లేకుండా మాట తడబాటే కనిపించవచ్చు. దిగులు జబ్బు మతిమరుపులా అనిపించవచ్చు. అందుకే ఈ చదువులో మానసిక వైద్యులు, ఎముకల డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు కూడా పాఠం చెప్పాలి. పరీక్ష పెట్టేటప్పుడూ ఆ విభాగాలవాళ్లు బల్లకు ఇవతల కూర్చోవాలి. సర్టిఫికెట్ ఒక్క శాఖ సొత్తు కాకూడదు.

అంతదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్ల మాత్రలన్నీ ఒక సంచిలో వేసి ఒక్క డాక్టరు ముందు పెట్టండి. సొంతంగా మాత్రం ఏదీ ఆపకండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమనండి. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు పడితే పడిపోయే ముప్పుందని డాక్టరుకు చెప్పండి.

పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన గురువుల ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఆ సంచి పట్టుకుని వాళ్లకు తోడుగా వెళ్లే పని మన సంఘం తీసుకుంటే ఈ స్వర్ణోత్సవానికి అంతకంటే గురుదక్షిణ ఉండదు. మొదటి నెల నా పేరు రాసుకోండి.