చేతికి తెలియని షాక్ చిప్‌కి తగులుతుంది!

గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గర్నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడ పూలు వాడిపోకుండా నీళ్లు చల్లుతుంటారు. తేమ ఎలక్ట్రానిక్స్‌ని కూడా కాపాడుతుందంటే నమ్ముతారా?

ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గొళ్లెం పట్టుకుంటే చిటుక్కున షాక్ కొడుతుంది కదా? అది మనకు తెలియాలంటే సుమారు 3,000 వోల్టులుండాలి. కొన్ని చిప్‌లు 100 వోల్టులకే పాడవుతాయి. అంటే చిప్ పోయినా మన చేతికి తెలీదు!

అందుకే ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో నేలకి కార్బన్ కలిపిన ఎపాక్సీ పూత వేసి, ఎర్త్ చేస్తారు. అది ఛార్జ్‌ని రాగి తీగలా ఒక్కసారిగా వదిలెయ్యదు, మామూలు ప్లాస్టిక్‌లా ఆపెయ్యదు. మెల్లగా భూమిలోకి దించుతుంది.

పార్టులు పెట్టే గులాబీ రంగు కవర్లు చూశారా? వాటిలోని కెమికల్ గాలిలో తేమని పట్టుకుని ఛార్జ్‌ని జారవిడుస్తుంది. గాలి పొడిగా ఉంటే దాని పని తగ్గుతుంది. కవర్ పాతబడితే కూడా అంతే.

నేనోసారి సింథటిక్ చొక్కా వేసుకుని ల్యాప్‌టాప్ ర్యామ్ మార్చా. వారం బాగానే నడిచింది, తర్వాత హ్యాంగ్ మొదలు. స్టాటిక్ వల్లేనని రుజువు చెయ్యలేను. అసలు చిక్కే అది. దెబ్బ ఇవాళ తగిలి, రోగం తర్వాత బయటపడొచ్చు.

ఈసారి ఫోన్ రిపేర్‌కిస్తే టెక్నీషియన్ మణికట్టుకి ఎర్త్ స్ట్రాప్, బోర్డు కింద ఎర్త్ చేసిన మ్యాట్ ఉన్నాయా చూడండి. లేకపోతే మొహమాటపడకుండా అడగండి. మళ్లీ కలుద్దాం, బై!